ప్రూఫా, మామూలు ముద్రా: ఆబిడ్స్‌లో ఒక నాణేల పరిశీలన సేవ

హైదరాబాద్‌లో పాత నాణేలు అమ్మేవారికి కొదవ లేదు. ఆదివారం పూట ఆబిడ్స్ నుంచి కోఠి వైపు నడిస్తే పేవ్‌మెంట్ మీద గుడ్డ పరిచి రాణీ రూపాయల దగ్గర నుంచి నిన్నమొన్నటి స్మారక నాణేల దాకా అమ్మేవారు కనిపిస్తారు. కాస్త తళతళలాడే ప్రతి నాణేన్నీ చేతికిచ్చి ‘యే ప్రూఫ్ హై సాబ్’ అనడం వారికి అలవాటు. ప్రూఫ్ అంటే టంకశాల సేకర్తల కోసం ప్రత్యేకంగా కొట్టే నాణెం. నాణేలు అమ్మే చోట్లు ఇన్ని ఉన్నా, మన చేతిలోని నాణెం నిజంగా ఏమిటో నిష్పక్షపాతంగా చూసి చెప్పే చోట్లు మాత్రం తక్కువ. అలాంటి ఒక చిన్న దుకాణం ఆబిడ్స్‌లో ఒక పాత కాంప్లెక్స్ మొదటి అంతస్తులో ఉంది. అక్కడ నేను వినియోగించుకున్న సేవ గురించి ఈ సమీక్ష. సేవలోని కొన్ని లోపాలను కూడా రాస్తున్నాను కనుక దుకాణం పేరు, యజమాని పేరు ఇవ్వడం లేదు.

వారు చేసే పని రెండు రకాలు. నాణేన్ని మన ఎదుటే పరిశీలించి, తమ అభిప్రాయాన్ని కాగితం మీద రాసి ఇవ్వడం మొదటిది. దీనికి నాణేనికి 300 రూపాయలు తీసుకుంటారు. నాణెం స్థితిని చూసి అంకె వేసే విదేశీ గ్రేడింగ్ సంస్థకు మన తరఫున పంపి, ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేసి వచ్చిన నాణేన్ని తిరిగి అప్పగించడం రెండోది. దాని ఖర్చు నాణేన్ని బట్టి, విలువను బట్టి మారుతుంది. ఈ రెండింటిలో ఎక్కువ విలువైనది మొదటిదేనని నా అభిప్రాయం. గ్రేడింగ్‌లో అంకె కన్నా ముందు తేలవలసిన ప్రశ్న ఒకటి ఉంది. ఆ నాణెం ప్రూఫా, లేక చలామణీ కోసం కొట్టిన మామూలు నాణెమా? అది తేలకుండా వేల రూపాయలు ఖర్చుపెట్టి నాణేన్ని విమానం ఎక్కించడంలో అర్థం లేదు.

చాలామంది ప్రూఫ్ అంటే ‘చాలా బాగున్న నాణెం’ అనుకుంటారు. నిజానికి ప్రూఫ్ అనేది నాణెం స్థితికి సంబంధించినది కాదు, దాన్ని తయారుచేసిన పద్ధతికి సంబంధించినది. టంకశాలలో ప్రూఫ్ కోసం అచ్చులను ప్రత్యేకంగా సానబెడతారు, ముద్ర పడబోయే లోహపు బిళ్లను కూడా మెరుగు పెడతారు, ఆపైన బిళ్లలను ఒక్కొక్కటిగా అమర్చి ఎక్కువ ఒత్తిడితో, సాధారణంగా రెండు లేక అంతకన్నా ఎక్కువ సార్లు ముద్ర వేస్తారు. అచ్చులో నాణెపు ఖాళీ తలం ఎత్తుగాను, బొమ్మ లోతుగాను ఉంటాయి. సానరాయి ఎత్తుగా ఉన్న తలానికే తగులుతుంది కనుక, ముద్ర పడిన నాణెం మీద తలం అద్దంలా మెరుస్తుంది, బొమ్మ మాత్రం మంచు పట్టినట్టు తెల్లగా, మెరుపు లేకుండా నిలుస్తుంది. మామూలు నాణేలైతే నిమిషానికి వందల లెక్కన యంత్రం నుంచి ఒకదాని మీద ఒకటి రాలిపడతాయి. ఒకటే దెబ్బ, ఆ తర్వాత సంచి. ఒక ప్రూఫ్ నాణెం ఎవరి జేబులోనో అరిగిపోయినా అది ప్రూఫే. పెట్టె నుంచి అప్పుడే తీసిన మామూలు నాణెం ఎంత మెరిసినా అది మామూలు నాణెమే.

గ్రేడింగ్ సంస్థలు పెట్టె మీద వేసే పట్టీలు కూడా ఈ తేడా మీదే నడుస్తాయి. 1949లో అమెరికాకు చెందిన విలియం షెల్డన్ తమ దేశపు పాత రాగి సెంట్ల కోసం ఏర్పరచిన 1 నుంచి 70 వరకు ఉండే కొలమానాన్నే ఈ సంస్థలు ఈనాటికీ వాడుతున్నాయి. 1986లో మొదలైన పీసీజీఎస్, 1987లో మొదలైన ఎన్‌జీసీ అనే అమెరికా గ్రేడింగ్ సంస్థలు రెండూ చలామణీ కోసం కొట్టి, అరగకుండా మిగిలిన నాణేనికి ‘ఎంఎస్’ అని రాసి 60 నుంచి 70 లోపు అంకె వేస్తాయి. ప్రూఫ్‌కు మొదటిది ‘పీఆర్’ అని, రెండోది ‘పీఎఫ్’ అని రాస్తాయి. వాడకంలో అరిగిన ప్రూఫ్‌కు అంకె 60 కన్నా కిందికి దిగుతుందే తప్ప ఆ రెండక్షరాలు మారవు. తలానికీ బొమ్మకూ మధ్య తేడా బాగా కొట్టొచ్చినట్టున్న ప్రూఫ్‌లకు పీసీజీఎస్ ‘డీప్ క్యామియో’ అని, ఎన్‌జీసీ ‘అల్ట్రా క్యామియో’ అని చేర్చుతాయి. వీటి మధ్య ఇంకొక జాతి ఉంది. కొత్తగా సానబెట్టిన అచ్చుతో మొదట పడిన మామూలు నాణేలు కూడా అద్దంలా మెరుస్తాయి. వాటిని ‘ప్రూఫ్‌లైక్’ అంటారు. ఎంఎస్ అంకె పక్కన ‘పీఎల్’ అని రాస్తారు. పేవ్‌మెంట్ మీద ప్రూఫ్ పేరుతో అమ్ముడుపోయేవాటిలో ఇవి కొన్ని, తోమి మెరిపించినవి మరెన్నో.

ఇక దుకాణం సంగతి. గదిలో ట్యూబులైట్లు ఉన్నా, పరిశీలించేటప్పుడు వాటిని ఆర్పేసి బల్ల మీద ఒకే ఒక్క పసుపు బల్బు దీపం వెలిగిస్తారు. ఇది ఆడంబరం కాదు. ట్యూబులైటు వెలుగు నాణెం మీద పరచుకుపోయి గీతలను, మెరుపులోని తేడాలను దాచేస్తుంది. ఒక్క బిందువు నుంచి వచ్చే వెలుగులో అవి బయటపడతాయి. బల్ల మీద నల్లని వెల్వెట్ గుడ్డ, ఒక చిన్న తూకం, పది రెట్ల భూతద్దం ఉంటాయి. పరిశీలించే పెద్దాయన నాణేన్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య అంచు పట్టుకుని తప్ప తాకరు. తెచ్చినవారు అరచేతిలో వేసి ఇస్తే మొహం చిట్లించడం కూడా చూశాను.

నేను ముందుగా ఇచ్చింది ఆరో జార్జి బొమ్మ ఉన్న 1938 నాటి వెండి రూపాయి. ప్రూఫ్ అని చెప్పి మా బంధువులకు ఎవరో అంటగట్టినది. 11.66 గ్రాముల బరువు, 91.7 శాతం వెండి. పైకి చూస్తే మొహం కనిపించేటంత మెరుపు ఉంది. ఆయన బొమ్మ వైపు చూడనే లేదు, ముందుగా అంచు చూశారు. ప్రూఫ్‌లో ఎక్కువ ఒత్తిడి వల్ల లోహం అచ్చు మూలమూలకూ పాకి, పక్క అంచుకూ పైకట్టుకూ మధ్య మూల చతురస్రంగా, దాదాపు కత్తి పదునుతో నిలుస్తుంది. గాట్లు ఒక్కొక్కటి విడివిడిగా కనిపిస్తాయి. ఈ రూపాయికి ఆ మూల గుండ్రంగా జారిపోయి ఉంది. ఆ తర్వాత రాజు పేరులోని అక్షరాల మీద భూతద్దం ఉంచి, ‘జార్జ్’ అన్న మాటలోని ‘ఓ’ లోపల చూడండి అని నాకు అందించారు. బయట తలమంతా అద్దంలా ఉంది కానీ ఆ సున్నా లోపలి చిన్న వృత్తంలో మాత్రం మెరుపు లేదు. అక్కడ వెండి మసకగా, మొదటి రోజున పడిన సహజమైన పొరతో ఉంది, మూలల్లో ఎండిపోయిన తెల్లటి పొడి కూడా ఉంది. అచ్చునే సానబెట్టి ఉంటే ఆ సున్నా లోపలా బయటా ఒకే మెరుపు ఉండాలి. గుడ్డతో రుద్దినవాడి వేలు మాత్రం ఆ సున్నా లోపలికి చేరదు. అదీకాక రాజుగారి చెంప, కిరీటం కూడా తలంతో సమానంగా మెరుస్తున్నాయి, జుట్టు గీతలు మొద్దుబారాయి. దీపం కింద వంచి చూస్తే ఒకే దిశలో సాగిన సన్నని గీతలు తలం మీది నుంచి అక్షరాలను దాటుకుంటూ బొమ్మ మీదికి పోయాయి.

ఈ గీతల గురించి ఒక మాట చెప్పాలి. సానబెట్టిన అచ్చు మీది గీతలు నాణెం మీద ఉబ్బెత్తుగా పడతాయి, బొమ్మ అంచు రాగానే ఆగిపోతాయి. తోమిన గీతలు నాణెం మీద గాడులుగా ఉంటాయి, అడ్డం వచ్చినదాని మీదుగా సాగిపోతాయి. మొదటి రకం టంకశాలలో పుట్టినవి, నాణేనికి నష్టం లేనివి. రెండో రకం ఇంట్లో పుట్టినవి. మన ఇళ్లలో వెండి రూపాయలు పూజగదిలో ఉంటాయి. దీపావళికి లక్ష్మీపూజకు, శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి ముందు వాటిని చింతపండుతోనో, విభూతితోనో, పళ్లపొడితోనో తోమడం తరతరాలుగా ఉన్నదే. భక్తికి లోటు రాకుండా చేసిన పనే అయినా ఆ గీతలు మాత్రం గ్రేడింగ్‌లో క్షమించబడవు. అలాంటి నాణెం పెట్టె మీద అంకెకు బదులు ‘డీటెయిల్స్’ అని, పక్కన ‘క్లీన్డ్’ అనో ‘పాలిష్డ్’ అనో వస్తుంది. నా రూపాయి విషయంలో దుకాణం రాసి ఇచ్చిన అభిప్రాయం అదే: మామూలు ముద్ర, తర్వాత మెరుగు పెట్టబడినది, పంపవద్దు. పంపితే వారికి కమీషన్ వచ్చేది. వద్దని చెప్పడం నాకు నచ్చింది.

రెండోది గాంధీ శతజయంతి సందర్భంగా 1969లో వచ్చిన పది రూపాయల వెండి నాణెం. 15 గ్రాములు, 80 శాతం వెండి. సెట్టు నుంచి ఎప్పుడో విడదీసి, కాగితంలో చుట్టి, చేతులు మారి వచ్చింది. దాని మీద ఎవరి వేలిముద్రో గోధుమరంగులో శాశ్వతంగా దిగిపోయింది. చూడగానే పాత నాణెం అనిపించేటట్టుంది కానీ ప్రూఫ్ అని ఎవరూ అనరు. అయితే బొంబాయి టంకశాల ఆ ఏడాది నుంచి తన ప్రూఫ్‌ల మీద వజ్రం గుర్తుకు బదులు ‘బి’ అక్షరం వేసింది, 1996 నుంచి ‘ఎం’ వేస్తోంది. ఈ నాణెం మీద ‘బి’ స్పష్టంగా ఉంది. అయినా పెద్దాయన గుర్తును చూసి ఊరుకోలేదు. అంచు మూల చూశారు, వేలిముద్రకు దూరంగా ఉన్న చోట అక్షరాల మధ్య తలం చూశారు, రెండో వైపు కూడా తిప్పి అదే చూశారు. మెరుపు పొర కింద మసకబారింది కానీ అక్షరాల సందుల్లో పూర్తిగా ఉంది. ‘ప్రూఫ్, చేతి మచ్చలతో’ అని రాశారు. నాకు ఈ రెండు నాణేల జంటే మొత్తం విషయాన్ని అర్థమయ్యేలా చేసింది. తళతళలాడే రూపాయి ప్రూఫ్ కాలేదు, మసిబారిన పది రూపాయలు ప్రూఫ్ అయ్యాయి.

నిజంగా చిక్కు తెచ్చినది మూడోది. 1947 నాటి నికెల్ రూపాయి, వెనుక పులి బొమ్మ ఉన్నది. నికెల్ గట్టి లోహం కనుక ఆ నాణేల మీద పులి చారలు చాలాసార్లు పూర్తిగా పడవు. నా దగ్గరున్న దాని మీద చారలు చక్కగా పడ్డాయి, రాజు వైపు తలం లోతైన అద్దంలా ఉంది, ఎవరూ తోమిన ఆనవాళ్లు లేవు. ఇక్కడ పెద్దాయన చేసినది గమనించదగినది. అచ్చయిన అక్షరాల కాగితాన్ని బల్ల మీద నిలబెట్టి, నాణేన్ని దాని ముందు కొంచెం కొంచెంగా వెనక్కి జరుపుతూ ఎంత దూరం వరకు అక్షరాలు తలం మీద చదవగలిగేలా ప్రతిబింబిస్తున్నాయో చూశారు. ప్రూఫ్‌లైక్ నాణేలకు గ్రేడింగ్ సంస్థలు వాడే కొలత ఇదే. రెండు నుంచి నాలుగు అంగుళాల లోతు ఉంటే పీఎల్ అంటారు, ఆరు అంగుళాలు దాటితే ఆపై మెట్టు. రాజు వైపు దాదాపు మూడు అంగుళాల దాకా అక్షరాలు నిలిచాయి. పులి వైపు తిప్పితే అద్దం లేదు. దీపం కింద నాణేన్ని తిప్పుతుంటే మధ్య నుంచి అంచుకు సాగిన వెలుగు చారలు గుండ్రంగా తిరిగాయి. లోహం ఒకే దెబ్బకు బయటికి పాకినప్పుడు ఏర్పడే ఈ చారలు మామూలు ముద్రకు గట్టి సాక్ష్యం. ఒక అచ్చును మాత్రమే అప్పుడే సానబెట్టి ఉంటారన్నమాట. ప్రూఫ్‌కైతే రెండు అచ్చులనూ, బిళ్లనూ కూడా సిద్ధం చేస్తారు కనుక రెండు వైపులా ఒకే తీరున ఉండాలి. మామూలు ముద్ర అన్నది ఖాయమనీ, పీఎల్ రావడం అనుమానమేననీ చెప్పి, నా ఇష్టం మీద పంపారు. ఎంఎస్ 64 అంకెతో తిరిగి వచ్చింది, పీఎల్ లేకుండా.

పట్టీ మీద ఆ అంకె తప్ప మరేమీ లేదు. పీఎల్ ఎందుకు ఇవ్వలేదు, రెండో వైపు మెరుపు లేనందుకా, లేక మరేదైనా కారణమా అన్నది ఎక్కడా రాయరు. ఇంత రుసుము తీసుకునే సేవ ఒక్క వాక్యం వివరణ ఇవ్వకపోవడం నాకు సబబుగా తోచలేదు. మూడు వందలు తీసుకున్న ఆబిడ్స్ పెద్దాయన కాగితం మీద నాలుగు కారణాలు రాసి ఇచ్చారు.

బ్రిటిష్ ఇండియా నాణేల విషయంలో మరొక గొడవ ఉంది. ప్రూఫ్ అని తేలినా అది ఆ ఏడాది కొట్టినదేనన్న భరోసా లేదు. కలకత్తా, బొంబాయి టంకశాలలు సేకర్తల కోరిక మీద పాత అచ్చులతో ప్రూఫ్‌లను తిరిగి కొట్టి ఇచ్చే పద్ధతి 1970 ప్రాంతం వరకు సాగింది. వీటిని రీస్ట్రైక్ అంటారు. ఇవి కూడా ప్రూఫ్ పద్ధతిలో కొట్టినవే, టంకశాలలో కొట్టినవే. ధర మాత్రం అసలు ప్రూఫ్‌తో పోలిస్తే చాలా తక్కువ. ఏళ్ల తరబడి పెట్టెల్లో పడి ఉన్న అచ్చులకు తుప్పు పట్టి ఉండేది కనుక, రీస్ట్రైక్‌ల తలం మీద అద్దపు మెరుపు మధ్యలో చిన్న చిన్న ఉబ్బెత్తు చుక్కలు కనిపిస్తాయి. వేర్వేరు కాలాల ముందు వెనుక అచ్చులను జతచేసి కొట్టినవి కూడా దొరుకుతాయి. దుకాణంలో ఇలాంటి ఒక నాణేన్ని నమూనాగా ఉంచుకుని అడిగినవారికి చూపిస్తారు. ఆ చుక్కలను ఒకసారి భూతద్దంలో చూస్తే మళ్లీ మరచిపోవడం కష్టం.

నూరేళ్లు దాటిన నాణేలను మాత్రం వారు బయటికి పంపరు. 1972 నాటి చట్టం ప్రకారం అలాంటి నాణెం పురావస్తువు, దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం. విక్టోరియా రూపాయి తెచ్చి ఎలాగైనా పంపండని బతిమాలిన ఒకరిని నా ముందే తిప్పి పంపారు. హైదరాబాద్‌లో దీనికొక అదనపు మెలిక ఉంది. నిజాం నాణేల మీద ఉండేది హిజ్రీ సంవత్సరం. ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు చార్మినార్ రూపాయిల్లో హిజ్రీ 1330 అని ఉన్నది 1912 నాటిది, వెళ్లదు. 1361 అని ఉన్నది 1942 నాటిది, వెళ్తుంది. ఈ లెక్క తెలియక ఇబ్బందిపడేవారు ఉంటారు కనుక కౌంటరు మీద ఒక పట్టిక అంటించి ఉంచారు. మంచి ఆలోచన.

ఎన్టీఆర్ శతజయంతికి 2023 ఆగస్టు 28న విడుదలైన వంద రూపాయల నాణెం గురించి కూడా అడిగాను, ఎందుకంటే అది ఇక్కడి మింటులోనే తయారైంది, మన ఊళ్లో చాలా ఇళ్లలో ఉంది. 44 మిల్లీమీటర్ల వ్యాసం, 35 గ్రాములు, సగం వెండి, మిగతా రాగి, నికెల్, జింకు. సైఫాబాద్, చర్లపల్లి కౌంటర్లలో ప్రూఫ్‌ను, యూఎన్‌సీని (అంటే చలామణీలోకి వెళ్లని మామూలు ముద్ర నాణేన్ని) వేర్వేరు ప్యాకింగుల్లో అమ్మారు. చెక్క పెట్టెలోని ప్రూఫ్ 4,850 రూపాయలు, ఫోల్డర్‌లోని యూఎన్‌సీ 4,050 రూపాయలు. తక్కువ సంఖ్యలో కొత్త అచ్చులతో కొట్టేవి కాబట్టి ఇలాంటి యూఎన్‌సీలకు కూడా కొంత అద్దపు మెరుపు వస్తుంది. ప్యాకింగు పోతే చూపు మీదే ఆధారపడాలి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఇంట్లోనే సాధన చేయమని, గ్రేడింగ్‌కు పంపే ఖర్చు దీనికి దండగ అని పెద్దాయన సలహా ఇచ్చారు. ప్రూఫ్ ముఖం మీద మంచు పొర, యూఎన్‌సీ ముఖం మీద లోహపు మెరుపు పక్కపక్కన చూస్తే ఎవరికైనా తెలిసిపోతాయి. తేడా చూడటం నేర్చుకోవాలనుకునేవారికి ఇంతకన్నా చవకైన పాఠం నాకు తెలియదు.

ఇక ఫిర్యాదులు. పంపిన నాణెం చెప్పిన గడువుకు దాదాపు రెట్టింపు సమయం తీసుకుని వచ్చింది. మధ్యలో ఫోన్ చేస్తే ‘కస్టమ్స్‌లో ఉంది’ అన్న మాట తప్ప వివరం లేదు. తిరిగి వచ్చేటప్పుడు కట్టవలసిన సుంకం గురించి ముందుగా చెప్పలేదు, చివర్లో బిల్లులో కలిపారు. నాణెం తీసుకున్నప్పుడు ఇచ్చే రసీదు మీద బరువు రాయరు, ఫొటో తీయరు. అడిగితే తీస్తారు, అయితే అడగాలన్న సంగతి కొత్తవారికి ఎలా తెలుస్తుంది? పెద్దాయన లేని రోజుల్లో కౌంటరులో కూర్చునే అబ్బాయి మర్యాదస్తుడే కానీ నాణెం చూసి చెప్పగలిగే స్థాయి కాదు. ఆ రోజు ఇచ్చే అభిప్రాయానికి కూడా అంతే రుసుము తీసుకోవడం న్యాయం కాదు.

ఈ లోపాల్లో చాలావరకు పంపే సేవకు సంబంధించినవి. బల్ల దగ్గర పెద్దాయన చేసే పరిశీలన మీద నాకు ఫిర్యాదు లేదు. తాతల నాటి వెండి రూపాయలు ఉన్నవారు, ప్రూఫ్ పేరుతో వేలు పోసి కొనబోతున్నవారు తప్పక వెళ్లవచ్చు. యూఎన్‌సీ సెట్లు సీలుతో ఉన్నవారికి అవసరం లేదు. వెళ్లే ముందు ఫోన్ చేసి పెద్దాయన ఉన్నారో లేదో కనుక్కోండి, నాణేన్ని శుభ్రం చేయకుండా ఉన్నది ఉన్నట్టు తీసుకెళ్లండి, మెత్తటి పీవీసీ కవరులో ఉంటే తీసి మైలార్ కవరులోకి మార్చండి. పీవీసీ నుంచి వచ్చే పచ్చటి జిగురు ప్రూఫ్ తలాన్ని తినేస్తుంది. పంపదలచుకుంటే మాత్రం బరువు, రెండు వైపుల ఫొటోలు, సుంకం అంచనా రసీదు మీద రాయించుకున్న తర్వాతే నాణెం ఇవ్వండి. ఆదివారం దుకాణం తెరవరు.